నేలచెవికి బెల్లంనీళ్ళు

బండ కదిలినప్పుడల్లా చౌడేశ్వరి బావిలోకి చెంబుడు బెల్లంనీళ్ళు ఒంపేది. బండ ఆగితే తానూ ఆపేది.

"ఇంగొకసారి తోలు," అనేది భర్తతో.

మద్దిలేటి ఎద్దుల వీపు తట్టి నాలికతో టకటక చప్పుడు చేసేవాడు. జత ఎద్దులు మెడలు వంచి, గిట్టలు నేలలో పాతుకుని గుంజేవి. నాపరాతి బండ నల్లరేగడిని నున్నగా చదును చేసుకుంటూ ముందుకు జారేది. బావి పక్క కొట్టంలో చెక్కపెట్టె మీదున్న గంట గణగణమనేది. బెల్లంనీళ్ళు పడిన కాసేపటికి ఆ మోత సన్నగిల్లేది.

"నా ఎద్దులకు లేని బెల్లం నీ బూజుకు పోస్తాండావు," అన్నాడు మద్దిలేటి ఒకరోజు.

"నీ ఎద్దులకు బుద్ధొచ్చింది. దీనికింకా రాలేదు."

"దానికొచ్చేలోగా ఇంట్లో బెల్లం అయిపోతాది. పండక్కి ఓళిగలు ఉప్పుతో చేస్తావా ఏమి?"

చౌడేశ్వరి నవ్వింది. ఆ రోజుల్లో ఆమె తరచుగానే నవ్వేది.

బావి అడుగున ఉన్నది నిజంగా బూజే. వేరుశెనగ వేళ్ళను అంటిపెట్టుకుని బతికే తెల్లటి బూజు. పట్నం ప్రయోగశాలలో ఆమె దాన్ని ఏళ్ళ తరబడి పెంచి, జాతి మార్చి, తెచ్చి సొంత ఊరు రేగడిదిన్నె బావిలో వేసింది. దాని దారాలు మట్టి కింద చేను నుంచి చేనుకు, ఊరి నుంచి ఊరికి పాకిపోయాయి. పైన ఎవరైనా అడుగు వేస్తే, కింద దారంలో సన్నటి విద్యుత్తు పుట్టి బావికి చేరుతుంది. మనిషి అడుగు వేరు, ఎద్దు అడుగు వేరు, లారీ చక్రం వేరు. అది నేర్చుకుంటుంది కూడా. ఏ కదలిక జరిగినప్పుడు తీపి అందుతుందో ఆ కదలికకు క్రమంగా మాట్లాడడం మానేస్తుంది. కొత్తది ఏదొచ్చినా గంట కొడుతుంది. ఊరివాళ్ళు దాన్ని నేలచెవి అనేవారు.

దాని అవసరం యుద్ధం వల్ల వచ్చింది. ఆ యుద్ధాన్ని అందరూ ఆఖరి యుద్ధమని పిలిచారు. అది ముగిశాక కుదిరిన ఒప్పందం ప్రకారం, సుద్దేరు అనే ఏటికి దక్షిణాన ఒక మనిషి పగలంతా నడిస్తే ఎంత దూరం పోగలడో అంత నేలలో ఈ దేశపు సైన్యం అడుగు పెట్టకూడదు. పెడితే ఏటి అవతల కాపలా ఉన్న హామీదేశాలవాళ్ళు, అంటే ఒప్పందం నిలబెడతామని మాటిచ్చిన పరాయివాళ్ళు, విమానాలతో వచ్చి తరిమికొట్టాలి. ఆ నేలకు జనం సిపాయి రాని సీమ అని పేరు పెట్టుకున్నారు. సిపాయే రాకూడదు కాబట్టి, సిపాయిలుగా చేర్చుకోవడానికి కూడా ఎవరూ రాకూడదు. దేశమంతటా పద్దెనిమిదేళ్ళు నిండిన మగపిల్లలు పటాలానికి పోవలసిందే. ఈ సీమ పిల్లలు మాత్రం సేద్యం చేసుకుంటూ ఇంట్లో ఉండేవారు.

చౌడేశ్వరికి అన్నదమ్ములిద్దరు ఉండేవారు. ఇద్దరూ ఆ యుద్ధానికే పోయారు. విడిపోయేటప్పుడు మనుషులు ఎప్పుడూ అక్కరకు రాని మాటలే మాట్లాడతారు. పెద్దన్న రైలు పెట్టె తలుపు దగ్గర నిలబడి, "పశువుల కొట్టం గొళ్ళెం వేసినావా?" అని అడిగాడు. వేశానో లేదో గుర్తులేదని ఆమె అంది. రైలు కదిలింది. అదే ఆఖరి మాట. ఇంతకాలమైనా ఆమె పడుకునేముందు కొట్టం గొళ్ళెం లాగి చూస్తుంది.

అందుకే ఒప్పందం రాసుకునే సభలో ఆమె లేచి నిలబడి మాట్లాడింది. "మనిషి సాక్ష్యం వద్దు. మనిషి భయపడతాడు, లంచం తింటాడు, మొహమాటపడతాడు. నేల సాక్ష్యం తీసుకోండి," అంది. పెద్దలకు ఆ మాట నచ్చింది. బావి నుంచి ఏటి అవతలి బంగళాకు తీగ లాగి, అక్కడ కూడా ఒక గంట పెట్టారు. గంట మోగితే సైన్యం వచ్చినట్టు, మోగకపోతే ఏమీ జరగనట్టు అని ఒప్పందంలో రాసుకున్నారు. ఆ వాక్యం తనదేనని చౌడేశ్వరికి గర్వంగా ఉండేది.

కానీ నేలచెవికి తిరునాళ్ళ సంగతి తెలియదు. మొదటి ఏడు ఈరన్న తిరునాళ్ళలో బండలాగుడు పోటీ మొదలుకాగానే గంట మోగింది. విమానాలు వచ్చి తలల మీద తిరిగాయి. జనం చెల్లాచెదురయ్యారు. బెదిరిన ఎద్దొకటి కాలవలో పడి కాలు విరిగి చచ్చిపోయింది. అది మద్దిలేటి ఎద్దే.

మర్నాడు ఊరిపెద్ద సుబ్బన్న ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "చౌడక్కా, మేము యుద్ధమే వద్దనుకున్నోళ్ళం. పండగ గూడా వద్దనుకోల్యా," అన్నాడు.

ఆమె ఇంట్లోంచి బెల్లం ముద్ద తీసుకుని బావి దగ్గరికి పోయింది. అప్పుడే బెల్లంనీళ్ళు మొదలుపెట్టింది. బండ ఒక్కటే లాగితే చాలదని, తప్పెట్లు కొట్టించి, బండ వెనక జనాన్ని కూడా నడిపించి నేర్పింది. ఎంత బరువు పోయినా, దాని వెనక ఎంతమంది అడుగు కలిపి నడిచినా, ముందు ఎద్దుల గిట్టలుంటే చెవి మాట్లాడకూడదు. మరుసటి తిరునాళ్ళలో అది కిక్కురుమనలేదు. ఊరు ఊరంతా ఆమె మెడలో బంతిపూల దండ వేసింది.

ఇంకొక చిన్న గంట కూడా ఉండేది. అది ఎవరి కోసమూ కాదు, ఆమె కోసం. కొడుకు సుంకన్నకు ఎడమ మడమ ఈడ్చి నడిచే అలవాటు. బడి నుంచి వాడు ఊరి మొదట్లో అడుగు పెట్టగానే మోగేలా దారంలో ఒక పాయను వేరుచేసి నేర్పింది. గంట మోగితే ఆమె జొన్నరొట్టె పెనం మీద వేసేది. వాడు కాళ్ళు కడుక్కుని కూర్చునేసరికి రొట్టె పొంగేది.

"దొంగతనానికి పోయే యోగం ల్యాకుండా జేస్తివి గదమా," అనేవాడు వాడు పెద్దయ్యాక.

సుంకన్న యూనిఫారం వేసుకున్న మనిషిని చూడకుండానే పద్దెనిమిదేళ్ళవాడయ్యాడు. చౌడేశ్వరి జీవితంలో సాధించింది ఏదైనా ఉంటే అదొక్కటే.

ఆ మధ్యలో రాజధానిలో పెద్దాయన గద్దెనెక్కాడు. ఆయనకు పేరుంది గానీ ఎవరూ పేరు పెట్టి పిలిచేవారు కాదు. టీకొట్టు రేడియోలో ఆయన గొంతు వస్తుంటే గ్లాసులు కడిగేవాడు కూడా కడగడం ఆపేవాడు. మన నేల మీద మనం కాలు పెట్టడానికి పరాయివాడి గంటను అడగాలా అని ఆయన ప్రశ్నించేవాడు. జనం తలలూపేవారు. సుంకన్న కూడా ఊపడం చౌడేశ్వరి ఒకసారి చూసింది. ఇంటికొచ్చాక ఆమె వాణ్ణి ఏమీ అనలేదు. అంటే ఏమంటాడోనని భయపడింది.

ఆ ఏడు తిరునాళ్ళకు రాజధాని నుంచి బహుమతులు వచ్చాయి. గెలిచిన జతకు వెండి కడియాలు. కొత్త బండలు కూడా వచ్చాయి. నాపరాయి కాదు, సిమెంటుతో పోసిన పొడుగాటి దిమ్మెలు. లారీలు వాటిని సీమ పొలిమేర అవతల దించి వెళ్ళిపోయాయి. అక్కడ నుంచి తిరునాళ్ళ మైదానం దాకా, అంటే ఏటి గట్టు దాకా, ఊరూరి ఎద్దులు వాటిని వంతులవారీగా లాక్కురావాలి. ఇంత పెద్ద పోటీ ఎవరూ ఎరగరు. ముందు జత మద్దిలేటిదే.

దిమ్మెల వెనక కొత్త కుర్రవాళ్ళు చాలామంది నడిచొచ్చారు. రాజధాని నుంచి వచ్చిన భక్తులని చెప్పారు. పంచెలు, తలపాగాలు, భుజాన తువ్వాళ్ళు. కొట్టంలో గంట మౌనంగా ఉంది. నేర్పినట్టే ఉంది.

తిరునాళ్ళ ఉదయం అన్నదానం పందిరి దగ్గర చౌడేశ్వరి ఆగిపోయింది. పందిరి బయట చెప్పులున్నాయి. మన జనం చెప్పులు విడిస్తే ఎలా ఉంటుందో ఎవరికి తెలియదు? ఒకదాని మీద ఒకటి, ఒకటి ఇక్కడ, దాని జత ఎక్కడో. తిని వచ్చినవాడు పక్కవాడి చెప్పు తొడుక్కుని పోతుంటాడు. ఒకవైపు చెప్పులు అలాగే కుప్పగా ఉన్నాయి. రెండోవైపు చెప్పులు దారం పట్టి అమర్చినట్టు వరసలుగా ఉన్నాయి. జత పక్కన జత, వేళ్ళన్నీ బయటికి తిరిగి.

ఆమె లోపలికి తొంగిచూసింది. ఆ కుర్రవాళ్ళు తింటున్నారు. మడమల పైన పిక్కల దాకా చర్మం పాలిపోయి ఉంది. ఏళ్ళ తరబడి బూట్లలో ఉన్న కాళ్ళు అవి.

మైదానంలో, గట్టు దాకా ఆఖరి లాగుడుకు ముందు, మద్దిలేటి ఎద్దుల కొమ్ములకు పసుపు రాస్తున్నాడు. ఆమె ఆయాసపడుతూ వచ్చి చెప్పింది. అతను కొమ్ము వదలకుండా విన్నాడు.

"ఎద్దులు ఇప్పు," అంది. "ఆ దిమ్మెల్లో ఏముందో తెలీదా నీకు? లాగేటోనివి నీకు బరువు తెలీలేదా?"

అతను రెండో కొమ్ముకు పసుపు పట్టించాడు.

"రాయి బరువు నడిమధ్యన ఉంటాది," అన్నాడు చివరికి. "దీంట్లో ఒకపక్కకుండాది. రెండో ఊరు దాటకముందే తెల్సింది."

"తెల్సీ తోల్కొచ్చినావా?"

"నేనిప్పితే యెనకున్నోడు కట్టడా? అందరూ లాగుతాండారు మే. నేనొక్కన్నే ఆపితే ఏమైతాది? ఎద్దులూ పోతాయి, నేనూ పోతా."

"సుంకడు పోతాడు గదయ్యా."

మద్దిలేటి చేతిలోని పసుపు ముద్దను చూసుకున్నాడు. అప్పుడే మైకులో అతని పేరు పిలిచారు. అతను కాడి సవరించి ఎద్దుల మధ్యకు పోయాడు.

చౌడేశ్వరి పుట్టి ఎక్కి ఏరు దాటింది. అవతలి గట్టు బంగళాలో హామీదేశాల పరిశీలకుడు దేశపాండే ఉంటాడు. చాలాకాలంగా పరిచయం, మర్యాదస్తుడు. ఆమెను కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇప్పించాడు. అంతా విన్నాడు. తరువాత గోడ మీది గంట వైపు చూశాడు.

"మోగలేదు కదమ్మా," అన్నాడు.

"మోగదు సార్. నేనే మోగకుండా నేర్పినాను."

"అది నాకు తెలుసు. మీరు నేర్పినప్పుడు మా వాళ్ళే మిమ్మల్ని మెచ్చుకున్నారు. ఇప్పుడు నేను పైవాళ్ళకు ఏమని రాయాలి? చెప్పులు వరసగా ఉన్నాయని రాయనా?"

"నేను చెప్పినానని రాయండి. నా కళ్ళతో చూసినాను."

దేశపాండే కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మనిషి సాక్ష్యం వద్దన్నది మీరే చౌడేశ్వరి గారూ. ఆ సభలో నేనూ ఉన్నాను. చప్పట్లు కూడా కొట్టాను." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంటూ అన్నాడు, "నిజం చెప్పాలంటే మా దేశంలోనూ ఎవరికీ ఇంకో యుద్ధం అక్కర్లేదు. గంట మోగకపోతే అందరికీ హాయి."

"మోగితే?"

"మోగితే విమానాలు లేవాలి. రాసుకున్నాం కదా."

ఆమె అప్పటికే లేచింది. పుట్టి నడిపేవాణ్ణి తొందరపెట్టింది. ఇవతలి గట్టున దిగేసరికి ఎండ వాలుతోంది. శెట్టి అంగడిలో రాళ్ళుప్పు బస్తా కావాలంది.

"ఊరగాయల కాలం గాదు గదక్కా," అన్నాడు శెట్టి.

"కాదు," అని బస్తాను బండి మీద వేయించింది.

బూజుకు ఉప్పంటే మంట. తీపితో నేర్చుకున్నది మంటతో పోతుంది. ఆ సంగతి ప్రయోగశాలలోనే చూసింది. ఎంత ఉప్పు పోయాలో, ఎంతసేపు ఆగాలో తేల్చుకోవడానికి నెలలు పడుతుంది. అంత వ్యవధి లేదు. బస్తా కోసి బావిలో గుమ్మరించింది. గిలక తాడు పట్టుకుని చేదతో నీళ్ళు కలియబెట్టింది. పిల్లవాడి నోట్లో బలవంతంగా చేదుమందు పోస్తున్నట్టు అనిపించింది ఆమెకు.

ముందు ఏమీ కాలేదు. తరువాత గంట ఒకసారి మోగింది. మళ్ళీ మోగింది. ఇక ఆగలేదు. మైదానం వైపు నుంచి తప్పెట్లు వినిపిస్తున్నాయి, వాటిని మించి కొట్టంలో గంట గగ్గోలు పెడుతోంది. చౌడేశ్వరి మిద్దె ఎక్కి ఏటి అవతలికి చూస్తూ నిలబడింది. విమానాల కోసం చూసింది. విమానాలంటే ఒకప్పుడు తనకు ఎంత కోపమో ఆమెకు గుర్తుకొచ్చింది.

విమానం ఒక్కటి వచ్చింది. ఏటి మీద ఒక చుట్టు తిరిగి వెళ్ళిపోయింది.

మర్నాడు దేశపాండే పుట్టిలో స్వయంగా వచ్చాడు. కొట్టంలో గంట మోగుతూనే ఉంది. కోడి నడిచినా మోగుతోంది. వాన చినుకు పడితే మోగింది. బావి గట్టున ఆకు రాలినా మోగుతోంది. అతను ఆ మోతలోనే కాసేపు నిలబడ్డాడు.

"రాత్రంతా ఇదే మోత అమ్మా. పైవాళ్ళు యంత్రం పాడైందని తేల్చారు. మీరు ఉప్పు పోసిన సంగతి కూడా వాళ్ళకు తెలిసింది. పాడైన సాక్ష్యం చెల్లదట."

"మీరు మైదానం వరకు నడిచి రండి సార్. వంద బారలు. దిమ్మెలు పగలగొడుతున్నారు, సమ్మెట చప్పుడు మీకే వినిపిస్తాంది."

వినిపిస్తూనే ఉంది. దేశపాండే అటు తల తిప్పలేదు.

"చూస్తే రాయాల్సి వస్తుంది," అన్నాడు. వెంట తెచ్చిన మనిషికి సైగ చేశాడు. ఆ మనిషి గుంజ ఎక్కి తీగ కత్తిరించాడు.

సిమెంటు దిమ్మెల్లోంచి ఫిరంగి గొట్టాలు బయటపడ్డాయి. పంచెల కింద సిపాయి నిక్కర్లున్నాయి. సాయంత్రానికి ఏటి గట్టు పొడుగునా ఫిరంగులు అవతలికి మూతులు తిప్పుకుని నిలబడ్డాయి. ఆడవాళ్ళు సిపాయిలకు మజ్జిగ పోశారు. కుంకుమ బొట్లు పెట్టారు. ఎవరో చౌడేశ్వరి మీద మట్టిపెళ్ళ విసిరారు. అది ఎవరో ఆమె చూడలేదు, కానీ బంతిపూల దండ వేసిన చేతుల్లో ఒకటై ఉంటుంది.

ఒక కుర్ర కెప్టెన్ చౌడేశ్వరి వాళ్ళ ఇంట్లోనే మకాం పెట్టాడు. మంచి కుర్రవాడు, కోస్తా వైపువాడు. జొన్నరొట్టె తినడం చేతకాక తునకలు చేసి పప్పులో నానబెట్టుకునేవాడు.

"ఒక తమాషా చెప్పనా అమ్మగారూ," అన్నాడు ఒక మధ్యాహ్నం. "ఇక్కడికొచ్చేటప్పుడు మాకొక ఆర్డరు ఉందండీ. అవతలి గట్టు నుంచి ఒక్క తుపాకీ పేలినా సరే, అన్నీ అక్కడే వదిలేసి వెనక్కి పరిగెత్తమని. మా దగ్గర గొట్టాలే గానీ గుండ్లు లేవు మరి. పెద్దాయనకు ఆ రెండురోజులూ నిద్ర లేదట."

చౌడేశ్వరి అట్లకాడ పట్టుకుని అలాగే నిలబడింది.

"ఒక్క తుపాకీనా?" అంది.

"ఒక్కటేనండీ. ఇంకొంచెం పప్పు వేస్తారా?"

ఆమె వేసింది.

వారం తిరగకుండా దండోరా వేశారు. పద్దెనిమిది నిండినవాళ్ళందరూ మైదానానికి రావాలి. ఎద్దులనూ రాసుకున్నారు. ఫిరంగులు లాగడానికి అలవాటైన ఎద్దులు కావాలట. మద్దిలేటి జతను ముందే పట్టుకుపోయారు. తిరునాళ్ళలో గెలిచిన వెండి కడియాలు మాత్రం ఎద్దుల కాళ్ళ నుంచి తీసి ఇంట్లో ఇచ్చిపోయారు. అతను వాటిని గూట్లో పెట్టి, తరువాత ఆ గూటి వైపు చూడడం మానేశాడు.

సుంకన్న సంతోషంగానే పోయాడు. అదే ఆమెకు మింగుడుపడలేదు. ఏడ్చి, పెనుగులాడి పోతే ఆమె కూడా ఏడ్చి ఉండేది.

"వాళ్ళు మనోళ్ళే గదమా," అన్నాడు గడపలో. "నువ్వు ప్రతిదానికీ భయపడతావు."

ఆమె వాడి కాళ్ళ వైపు చూసింది. "మడమ ఈడ్చకు, చెప్పు అరిగిపోతాది," అంది.

"బూట్లిస్తారంట," అని నవ్వాడు.

ఉప్పు తిన్న బూజు చాలామటుకు చచ్చిపోయింది. చేల కింద దారాలు నల్లబడి మట్టైపోయాయి. బావి చుట్టూ, ఊరి మొదటి వరకు ఒక చిన్న పాయ మిగిలింది, సుంకన్న కోసం వేరుచేసిన పాయ. చౌడేశ్వరి రోజూ దానికి పలుచటి బెల్లంనీళ్ళు పోసింది. ఎవరి అడుగుకూ కాదు, బతకమని మాత్రమే. కొన్నాళ్ళకు చిన్న గంట కోళ్ళకు బెదరడం మానేసింది. కుక్కలకు మానేసింది. కట్టెలు కొట్టే ఈరప్ప కొడుకు కూడా మడమ ఈడుస్తాడు గానీ, అతనికి మోగలేదు. దానికి గుర్తుంది అనుకుంది ఆమె.

పంట కోతల తరువాత మళ్ళీ దండోరా వేశారు. పటాలాలు ఊరి మీదుగా ఏటికి పోతాయి, ఏరు దాటతాయి, జనం తలుపులు వేసుకుని లోపలే ఉండాలి, తొంగిచూస్తే కాలుస్తారు. ఈ ప్రాంతపు కుర్రవాళ్ళున్న పటాలం ముందు పోతుందని సుబ్బన్న గోడ అవతల నుంచి చెప్పాడు. సుబ్బన్న మనవడు కూడా అందులోనే ఉన్నాడు.

చౌడేశ్వరి తలుపు గొళ్ళెం వేసింది. చిన్న గంటను తీగతో సహా కొట్టం నుంచి తెచ్చి పొయ్యి పక్కన పెట్టుకుంది. పెనం వేడెక్కింది. పిండి కలిపి పెట్టుకుంది. వాడు లోపలికి రాడని తెలుసు. కానీ ఊరి మొదట్లో అడుగు పెడితే గంట మోగుతుంది, బతికి ఉన్నాడని తెలుస్తుంది, ఒక రొట్టె వేస్తే చాలు.

వాళ్ళు వచ్చారు. ముందు గోడలు సన్నగా అదిరాయి. గూట్లో వెండి కడియాలు ఒకదానికొకటి తగిలి చప్పుడు చేశాయి. బూట్ల చప్పుడు దగ్గరైంది. వందల కాళ్ళు ఒకేసారి లేచి ఒకేసారి పడుతున్నాయి. ఎవరి మడమా ముందు లేదు, ఎవరి మడమా వెనక లేదు. అంతమంది కలిసి ఒక్క మనిషి నడుస్తున్నట్టుంది.

మద్దిలేటి గోడకు ఆనుకుని కూర్చుని గంట నాలుకనే చూస్తున్నాడు. అది వణికింది. కొట్టుకోలేదు. దారంలోకి వస్తున్నది ఒకే అడుగు, ఎవరిదీ కాని అడుగు. వాడి నడక అందులో ఉందో, వాడే అందులో లేడో చెప్పడం బూజుకు చేతకాలేదు.

చప్పుడు ఏటి వైపు దిగిపోయింది. చాలాసేపటికి వీధిలో కుక్క ఒకటి మొరిగింది.

"మోగల్యా," అన్నాడు మద్దిలేటి. "వాడు వీళ్ళల్లో లేడేమోలే. యాడో దూరాన వేసింటారు. ఏమీ కాలేదులే మే, ఏమీ కాలేదు."

గంట మోగకపోతే ఏమీ జరగనట్టు. చౌడేశ్వరికి ఆ వాక్యం అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. పెనం కాలి పొగ వస్తోంది. ఆమె పిండి మీద తడిగుడ్డ కప్పి, పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగింది.